పెడల్ చెప్పేది ముందు వినండి
పసుపు బస్తాలతో మోర్తాడ్ నుంచి నిజామాబాద్ యార్డుకు బయల్దేరిన పాత మహీంద్రా జీపు, 63వ జాతీయ రహదారి మీద ఇంజను హోరెత్తుతున్నా వేగం అందుకోకపోతే అది క్లచ్ జారడం. అదే జీపు వానాకాలమంతా కదలకుండా నిలబడి, తర్వాత పెడల్ నేల దాకా తొక్కినా గేరు కరకరలాడితే అది క్లచ్ విడవకపోవడం. రెండూ ఎదురెదురు జబ్బులు. అయినా రెండింటికీ షెడ్డులో తరచూ వినిపించే తీర్పు ఒక్కటే: ‘ప్లేటు పోయింది, గేర్‌బాక్స్ దించాలి.’ నా అభ్యంతరం ఇక్కడే. ప్లేటు కంటికి కనబడదు కాబట్టి నేరమంతా దానిమీదికే పోతుంది. బయటే ఉన్న కడ్డీలను, అరిగిన పిన్నులను ఎవరూ చూడరు. పెడల్‌కు పైన సుమారు అంగుళం ఖాళీ నడక ఉండాలి. అది బొత్తిగా లేకపోతే కొత్త ప్లేటూ జారుతుంది, మరీ ఎక్కువైతే మంచి ప్లేటూ విడవదు. ఆ ఖాళీ సరిచేయడానికి ఒక పానా, కాస్త ఓపిక చాలు. అప్పటికీ అనుమానముంటే చదును నేల మీద బ్రేకు గట్టిగా తొక్కి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే ప్లేటుకు పట్టు ఉన్నట్టే. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఇది ఒక్కసారే చేయాలి, పదేపదే చేస్తే ప్లేటు మాడుతుంది. న్యూట్రల్‌లో పెడల్ తొక్కగానే మోత మొదలైతే రిలీజ్ బేరింగును అనుమానించాలి, తొక్కితే మోత ఆగిపోతే గేర్‌బాక్స్ బేరింగును. పంట అమ్ముకునే రోజుల్లో బండి షెడ్డులో పడితే కిరాయి భారం రైతుదే. గేర్‌బాక్స్ దించడానికి ఒప్పుకునే ముందు ఈ పరీక్షలు మీ ఎదుటే చేయించండి.