దీవివాళ్లు కాదన్నారు

గాడ్జిల్లా సినిమాల్లో ఏది గొప్పదని అడిగితే ఎక్కువమంది 1954 నాటి మొదటి చిత్రాన్నే చెబుతారు. ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద కురిసింది. పడవలోని 23 మందీ జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబొయామా సెప్టెంబరులో చనిపోయాడు. హైడ్రోజన్ బాంబు పరీక్షలు నిద్రలేపిన రాకాసి గాడ్జిల్లా కథ నవంబరులో విడుదలైంది. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధం ముగిశాక చైనా నుంచి ఇంటికి తిరిగొస్తూ హిరోషిమా శిథిలాలను చూసినవాడు. ఆ సినిమా నిండా ఆ చూపే ఉంది.

అయినా తెలంగాణలోని అమ్రాబాద్‌లో కూర్చుని చూసేవాళ్లకు ఎక్కువ తగిలేది ఆయనే పదేళ్ల తర్వాత తీసిన ‘మోత్రా వర్సెస్ గాడ్జిల్లా’ అని మా నమ్మకం. మొదటిది బాంబుకు బలైన దేశం కథ. 1964లో వచ్చిన ఈ కొనసాగింపు మాత్రం బాంబును ఎవరి నేల మీద పరీక్షించారో వాళ్ల గోడు కూడా వినిపిస్తుంది.

తుఫానుకు కొండంత గుడ్డు ఒకటి సముద్రంలో కొట్టుకొస్తుంది. ఒక ప్రొఫెసర్ దాన్ని ఇంకా పరీక్షిస్తుండగానే ఒక వ్యాపారి వచ్చి, జాలర్ల దగ్గర కొనేశాను, గుడ్డు నాదంటాడు. ధర కట్టిన తీరు చూడండి. ఇది ఎన్ని కోడిగుడ్ల పెట్టో లెక్కతీసి, టోకు ధరతో హెచ్చవేశాడు. ఇక దాని చుట్టూ షెడ్డు కట్టి, టికెట్టు పెట్టి జనానికి చూపించడమే తరువాయి. ఆ గుడ్డు మోత్రాది. ఇన్‌ఫాంట్ దీవి జనం కొలిచే రెక్కల దేవత మోత్రా. గుడ్డును తిరిగి ఇమ్మని అడగడానికి మూరెడు ఎత్తు లేని కవల అక్కచెల్లెళ్లు దీవి నుంచి వస్తారు. వ్యాపారులు వాళ్లనూ పట్టుకోవాలని చూస్తారు. అక్కచెల్లెళ్లు ఉత్త చేతులతో వెనక్కి వెళ్లిపోతారు.

తర్వాత గాడ్జిల్లా బురదలోంచి లేస్తుంది. ఊళ్లు కూలుతాయి. అప్పుడు గుర్తొస్తుంది దీవి. ఒక విలేకరి, ఒక ఫొటోగ్రాఫర్, ఆ ప్రొఫెసర్ కలిసి సాయం అడగడానికి అక్కడికి వెళ్తారు. దిగగానే కనిపించేది మాడిపోయిన నేల, తెల్లబడిన ఎముకలు. అణు పరీక్షల తర్వాత పచ్చదనం మిగిలింది ఒక్క చిన్న మూలనే. దీవి పెద్ద ఆ ముగ్గురినీ నిలబెట్టి కడుపులో ఉన్నదంతా చెబుతాడు. దేవుళ్లు వద్దన్న నిప్పును మా నేల మీద రాజేశారు, ఇప్పుడు మీ మీదికి వచ్చిన దానికి మేమెందుకు అడ్డం నిలవాలి అని. అక్కచెల్లెళ్లూ కాదనే అంటారు. ఈ ఘట్టంలో హోండా ఎవరినీ తప్పించుకోనివ్వడు. వచ్చిన ముగ్గురూ మంచివాళ్లే. గుడ్డు తిరిగి ఇప్పించాలని ప్రయత్నించినవాళ్లే. అయినా జవాబు చెప్పలేక తలలు దించుకుంటారు.

అమ్రాబాద్ 2019లో ఇదే మాట అన్నది. యురేనియం అన్వేషణ కోసం పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర సర్వేకు ఆ ఏడాది మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరే అన్నది. అడవిలో రిగ్గులు దిగాలంటే ముందు వాటికి బాటలు పడాలి, ఆ తర్వాత బోర్లు పడాలి. ఇక్కడి వాగులు దిండికీ కృష్ణకూ చేరతాయి. కృష్ణ నీళ్లు హైదరాబాద్ కుళాయిల దాకా పోతాయి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని పక్క రైతులు బోరు నీళ్లు చెడిపోయాయనీ, అరటి తోటలు పాడవుతున్నాయనీ చెప్పుకుంటున్న మాటలు అప్పటికే ఇక్కడిదాకా వచ్చాయి. అమ్రాబాద్, పదర మండలాల జనం, పెంటలనే అడవి గూడేల్లోని చెంచులు రోడ్డెక్కారు. సినిమావాళ్లు, రచయితలు, విద్యార్థులు గొంతు కలిపారు. సెప్టెంబరు 16న యురేనియం తవ్వకాలు వద్దంటూ తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

మోత్రా సినిమాలో మాకు నచ్చనిది ఇక్కడే మొదలవుతుంది. దీవివాళ్ల కాదనడం ఎంతోసేపు నిలవదు. చచ్చిపోతున్నవాళ్లలో ఏ పాపం ఎరగనివాళ్లూ ఉన్నారని ఫొటోగ్రాఫర్ బతిమాలగానే, అందరమూ మనుషులమేనని విలేకరి అనగానే, మోత్రా ఒప్పుకుంటుంది. ముసలి మోత్రా పోరాడి, గుడ్డు మీద రెక్క కప్పి ప్రాణం విడుస్తుంది. పుట్టిన రెండు పిల్లలు పట్టుదారంతో గాడ్జిల్లాను చుట్టేసి సముద్రంలో పడేస్తాయి. ఒక దీవిలో చిక్కుకున్న బడిపిల్లలు బతుకుతారు. దీవివాళ్లకు మాత్రం ఏం ఒరిగింది? మాడిన నేలను బాగుచేసే మాట ఒక్కరూ ఎత్తరు. మంచి లోకాన్ని కట్టుకుందామనే ఆశతో కథ ముగుస్తుంది. నష్టపోయినవాళ్లే మళ్లీ త్యాగం చేయాలన్న ఈ ఏర్పాటును మనం మెచ్చుకుని వదిలేయకూడదు. ఒంటికి రంగు పూసుకున్న జపాన్ నటులే దీవివాసులుగా ఆడటం కూడా ఈ లోపంలో భాగమే. ఈ లోపం మన దగ్గరా ఉంది. 1958లో వచ్చిన మన ‘చెంచులక్ష్మి’లో అంజలీదేవి ఎంత అందంగా నటించినా, అందులో అసలు చెంచుల గొంతు లేదు.

అసలు బికినీ కథ ఇంకా కఠినం. 1946లో మానవాళి మేలు కోసమని చెప్పి అక్కడి 167 మందిని తరలించారు. 1970లలో కొందరు తిరిగొచ్చారు. ఒంట్లో రేడియోధార్మికత పెరిగిందని 1978లో మళ్లీ ఖాళీ చేయించారు. ఆ దీవి ఈనాటికీ కాపురాలకు పనికిరాలేదు.

ఇక మన అడవికి వద్దాం. తేనె దించే చెంచు అడవి తీగలతో పేనిన తాడు పట్టుకుని కొండ చరియ మీంచి వేలాడుతాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది బామ్మర్దేనంటారు. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు అతని చేతిలో ఉంటాయి గనుక అతను తాడు వదలడు. ఎవరిని నమ్మాలో, ఎందుకు నమ్మాలో ఇంత తేటగా తెలిసిన మనుషుల దగ్గరికి సర్వే కాగితం పట్టుకుపోయి దేశం కోసం సరేననమంటే, మా తాడు పట్టేదెవరని వాళ్లు అడగడం న్యాయం. ఈ ప్రశ్న యురేనియంతో ఆగదు. పులుల కోసం ఊళ్లు ఖాళీ చేయమన్నప్పుడూ అంతే గట్టిగా అడగవలసిందే.

2019 పోరాటం మీద నగరం నుంచి చాలా రాశారు, పాడారు. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు తమ నోటితో చెప్పింది మాత్రం అచ్చులోకి తక్కువగా వచ్చింది. వచ్చే సంచిక నుంచి ఆ మాటలకు పుటలు కేటాయిస్తున్నాం. రాయడం రానివాళ్లు ఫోన్లో చెప్పి రికార్డు చేసి పంపినా చాలు, వాళ్ల యాసను దిద్దకుండా ఉన్నదున్నట్టు అచ్చువేస్తాం.