హబ్ పీకేసి మూత బిగిస్తే అది మరమ్మతు కాదు

వానలకు ముందు చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల షెడ్లకు పోతే ఒక మాట తరచుగా వినబడుతుంది. ఫోర్ వీల్ డ్రైవు పికప్పుకో, పాత జీపుకో ముందు చక్రం మధ్యలో ఉండే లాకింగ్ హబ్ బిగుసుకుపోయి ఉంటుంది. తిప్పితే తిరగదు. మేస్త్రి సుత్తితో రెండు దెబ్బలు వేసి చూస్తాడు. "ఇదంతా ఎందుకన్నా తలనొప్పి, పీకేసి మూత బిగించేస్తా. బండి తేలిగ్గా పోతాది, డీజిలు కూడా మిగులుతాది" అంటాడు. రైతు సరేనంటాడు.

ఆ పూట నుంచి అది పేరుకు మాత్రమే ఫోర్ వీల్ డ్రైవు. లోపల రెండో గేరు కర్ర ఉంటుంది, కింద ముందు ఇరుసు ఉంటుంది, వాటికోసం కొన్నప్పుడు అదనంగా పెట్టిన డబ్బూ ఉంటుంది. బండిని లాగేది మాత్రం వెనక చక్రాలే. ఈ సంగతి రైతుకు తెలిసొచ్చేది నాలుగు నెలల తర్వాత, చెరువు కింద బంకమన్నులో టమోటా లోడుతో బండి దిగబడినప్పుడు. ఈ పద్ధతి మానుకోవాలి. హబ్ తీసి, కడిగి, మళ్లీ బిగించడం ఒక పూట పని. దగ్గరుండి ఒకసారి చూసిన డ్రైవరు రెండోసారి తానే చేసుకోగలడు.

హబ్ చేసే పనిలో పెద్ద రహస్యమేమీ లేదు. ముందు చక్రం తన బేరింగుల మీద తాను తిరుగుతుంది. ఇంజను బలం తెచ్చే షాఫ్టు ఆ చక్రం నడిమధ్య నుంచి బయటికి వస్తుంది. దాని కొసన పళ్లుంటాయి. షాఫ్టునూ చక్రాన్నీ కలిపేది, విడదీసేది హబ్. దాని ముఖం మీది మరను 'ఫ్రీ' వైపు తిప్పితే చక్రం ఒంటరిగా తిరుగుతుంది, షాఫ్టు ఊరికే ఉంటుంది. 'లాక్' వైపు తిప్పితే రెండూ ఒకటై తిరుగుతాయి. కాడికి ఎద్దును కట్టడం, విప్పడం లాంటిదే అనుకోండి. మూత బిగించడమంటే ఎద్దును అమ్మేసి కాడిని మోసుకు తిరగడమే.

ఇది నిన్న మొన్న వచ్చిన వస్తువు కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినాక అమెరికాలో సైన్యం జీపులు మామూలు జనం చేతికి వచ్చాయి. నున్నటి రోడ్డు మీద కూడా ముందు ఇరుసంతా ఊరికే తిరుగుతూ అరిగిపోతోందని, 1948లో ఆర్థర్ వార్న్ అనే ఆయన వాటికి ఈ హబ్‌లు తయారు చేయడం మొదలుపెట్టాడు. మన దేశంలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించడం 1947లో మొదలైంది. ఆ వంశం జీపులే తర్వాత మన పల్లెల్లో ఎరువుల మూటలూ, పాల క్యాన్లూ, పెండ్లి జనాన్నీ మోసినాయి.

"నేను తిరిగేది తారురోడ్డు మీదనే, నాకెందుకయ్యా నాలుగు చక్రాల బలం" అనేవాళ్లుంటారు. న్యాయమైన మాటే. అట్లాంటాయన టూ వీల్ డ్రైవు పికప్పే కొనుక్కోవాలి. ధరా తక్కువ, బరువూ తక్కువ. కానీ మన ప్రాంతంలో అందరికీ ఆ సుఖం లేదు. మనకు రెండు వానలూ ఉన్నాయి. జూన్‌లో నైరుతి జల్లులు పడేనాటికి తోతాపురి కాయ ఇంకా చెట్ల మీదనే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం వానలు. వాయుగుండం పట్టిందంటే శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు పొలం బాటలు పనికిరావు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలు ఎవరూ మరిచిపోలేదు. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు.

అంత వాన అక్కరలేదు. ఒక్క రాత్రి కురిసినా చాలు, తోట నుంచి రోడ్డుకు ఉండే అర కిలోమీటరు బాటే రైతు కొంప ముంచుతుంది. బండి ఇరుక్కుంటే ట్రాక్టరు పిలవాలి. దానికి బాడుగ. క్రేట్లు దించి ఎక్కించడానికి కూలి. ఈ లోపల మదనపల్లె మార్కెట్లో వేలం అయిపోతుంది. మరుసటి దినం రేటు ఎట్లుంటుందో ఎవరు చెప్పగలరు? టమోటాకు పూటపూటకూ రేటు మారే మన ప్రాంతంలో ఆ ఒక్క పూటకు విలువ ఎంతో రైతును అడగాలి, షెడ్డులో మేస్త్రిని కాదు.

హబ్ ఎందుకు బిగుసుకుపోతుంది? ఎక్కువగా వాడకనే. ఏడాదంతా ఫ్రీలో వదిలేస్తే లోపలి గ్రీజు గట్టిపడుతుంది, మర కింది రబ్బరు రింగు ఎండిపోతుంది, సందులోంచి నీళ్లు దిగి తుప్పు పడుతుంది. రోడ్డు మీద పరుగెత్తి వేడెక్కిన హబ్ ఒక్కసారిగా ఏటి నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి నీటిని పీల్చుకుంటుంది, నీటితో పాటు సన్నటి ఇసుకనూ. సర్వీసు స్టేషనులో ప్రెషరు నీళ్లు సూటిగా హబ్ మొగానికి కొట్టించేవాళ్లూ ఈ పాపంలో భాగస్తులే. నెలకొకసారి రెండు వైపులా లాక్‌లో పెట్టి, గేరు టూ వీల్‌లోనే ఉంచి కొన్ని కిలోమీటర్లు నడిపితే లోపల నూనె, గ్రీజు ఆడుతుంది, మర కూడా పట్టేయదు.

తీసి పెట్టే తీరు

బండిని సమంగా ఉండే గట్టి నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. హబ్‌ను ఫ్రీలో పెట్టండి. బయటి మూతకు చుట్టూ చిన్న బోల్టులుంటాయి, చాలావాటికి ఆరు. వాటి తలల్లో మట్టి పూడిపోయి ఉంటుంది. ముందు సూదితో ఆ మట్టి తీసి, ఆ తర్వాతే అలెన్ కీ పెట్టాలి. లేకపోతే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లింగు ఖర్చు. మూత ఊడినాక షాఫ్టు కొసన గాడిలో ఒక సర్క్లిప్పు కనబడుతుంది. దాన్ని సర్క్లిప్పు ప్లయరుతోనే తీయాలి. స్క్రూడ్రైవరుతో ఎగదన్నితే అది ఎగిరి చెత్తలో పడుతుంది, లేదా కంట్లో పడుతుంది. తర్వాత హబ్ ఒడలిని పట్టుకున్న బోల్టులో, నట్లో తీస్తే మొత్తం బయటికి వస్తుంది. కొన్ని బండ్లలో నట్ల కింద గరాటు ఆకారం వాషర్లు పట్టేసి ఉంటాయి. ఇత్తడి కడ్డీ పెట్టి మెల్లగా తడితే వదులవుతాయి. ఇనప సుత్తి మాత్రం దగ్గరికి రానీయొద్దు.

భాగాలు తీసిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చుకుని డీజిలుతో కడగండి. గ్రీజు తెల్లగా, మజ్జిగలాగా ఉంటే నీళ్లు దిగినట్టే. అప్పుడు వెనక ఉండే చక్రం బేరింగులు కూడా చూపించాల్సిందే. పళ్ల అంచులు గుండ్రంగా అరిగినా, స్ప్రింగు విరిగినా ఆ హబ్ మార్చాలి. రబ్బరు రింగు, కాగితం ప్యాకింగు మాత్రం ఎట్లున్నా కొత్తవే వేయండి.

ఇక్కడే చాలా షెడ్లలో తప్పు జరుగుతోంది. బేరింగుకు గ్రీజు దట్టించినట్టే హబ్ లోపల కూడా పిడికిళ్లతో కూరుతారు. దాంతో జరగాల్సిన పళ్ల రింగు ఆ ముద్దలో ఇరుక్కుని లాక్ పడదు. హబ్ లోపల పళ్లకు వేలితో పూసినంత పల్చటి గ్రీజు చాలు.

మళ్లీ బిగించేటప్పుడు సర్క్లిప్పు గాడి కనబడకపోతే షాఫ్టు లోపలికి జరిగిందని అర్థం. కొన్ని షాఫ్టుల కొసన మరచుట్ల రంధ్రం ఉంటుంది. సరిపడే బోల్టు అందులో తిప్పి బయటికి లాగితే గాడి పైకి వస్తుంది. సర్క్లిప్పు చుట్టూరా గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. మూతను కూడా ఫ్రీలోనే ఉంచి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. అవి చిన్న బోల్టులు. స్పానరుకు పైపు తగిలించి బలం చూపిస్తే పుటుక్కుమంటాయి. ఎంత బిగువు కావాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది.

పని కుదిరిందో లేదో షెడ్డు దాటకముందే తేల్చుకోవచ్చు. ఒక ముందు చక్రాన్ని జాకీ మీద లేపండి. రెండో వైపు హబ్ లాక్‌లో ఉండాలి, గేరు టూ వీల్‌లో ఉండాలి. లేపిన వైపు ఫ్రీలో పెట్టి చక్రం తిప్పితే బండి కింద ముందు వైపుకు పోయే ప్రొపెల్లరు షాఫ్టు కదలకూడదు. లాక్‌లో పెట్టి తిప్పితే కదలాలి. రెండు వైపులా ఇట్లే చూడండి.

ఒక వైపు హబ్ పోతే ఒకటుంది కదా, సగం లాగుతుందిలే అనుకునేవాళ్లూ ఉన్నారు. లాగదు. మామూలు డిఫరెన్షియలులో బలం తేలిగ్గా తిరిగే వైపుకే పోతుంది. చెడిపోయిన వైపు షాఫ్టు గిరగిరా తిరుగుతుంది, బాగున్న చక్రం నిలబడి చూస్తుంది. హబ్‌లు ఫ్రీలో ఉండగా లో గేరు వేసి బురదలో బలవంతం చేయడం ఇంకా ప్రమాదం, ఆ భారమంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. ఇక తారురోడ్డు మీద ఫోర్ వీల్ గేరు వేయనే వద్దు.

హబ్ దొరకనప్పుడు దాని స్థానంలో షాఫ్టును చక్రానికి శాశ్వతంగా కలిపే ఫ్లాంజ్ వేస్తారు. దాన్ని తప్పుపట్టలేం. ముందు ఇరుసు ఎప్పుడూ తిరుగుతుంది, డీజిలు కొంచెం ఎక్కువ తాగుతుంది, కానీ అవసరానికి నాలుగు చక్రాలూ లాగుతాయి. మూతతో వచ్చే లాభం ఏమీ లేదు. డీజిలు మిగలాలంటే హబ్‌ను ఫ్రీలో పెట్టుకుంటే సరిపోతుంది కదా! కొత్త హబ్ కొనేటప్పుడు పాతదాన్ని చేత పట్టుకుని అంగడికి పోండి. పళ్ల లెక్క, బోల్టు రంధ్రాల లెక్క రెండూ కలవాలి.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వారి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టరు నడపడం, బాగోగులు చూసుకోవడం రైతులకు అక్కడ నేర్పుతారు. ఈ రోజుల్లో పంటను ఇంటి నుంచి మార్కెట్టుకు చేర్చేది పికప్పే కాబట్టి, దీనికీ ఒక పూట కేటాయిస్తే మన రైతు బిడ్డలు బస్సెక్కి పోతారు. మన ఐటీఐలు కూడా వానలకు ముందు మండలానికొక దినం పెట్టి షెడ్డు కుర్రాళ్లకు చేసి చూపించవచ్చు. దీనికి పెద్ద నిధులేమీ అక్కరలేదు, ఒక పాత ఇరుసు చాలు.

సెకండ్‌హ్యాండు ఫోర్ వీల్ డ్రైవు కొనబోయేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే వంగి రెండు హబ్‌లూ చేత్తో తిప్పి చూడండి, జాకీ పరీక్ష కూడా అమ్మేవాడి ఎదుటనే చేయించండి. ప్రొపెల్లరు షాఫ్టు కదలకపోతే టూ వీల్ బండి ధర దగ్గర బేరం మొదలుపెట్టండి.