చట్టం తెలియదంటే కుదరదు: మరి తెలుసుకునే దారి అందరికీ ఉందా?

జైపూర్ సంస్థానపు మంత్రిమండలి 1923 డిసెంబరులో ఒక తీర్మానం చేసి నల్లమందుపై చట్టాన్ని ఆమోదించింది. దానిని గెజెట్‌లో గానీ, మరే విధంగా గానీ ప్రజలకు ప్రకటించలేదు. ఏళ్ల తరువాత ఆ చట్టం కింద హర్లా అనే వ్యక్తికి 50 రూపాయల జరిమానా పడింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ప్రజలకు తెలియజేయని చట్టాన్ని ఆధారం చేసుకొని వారిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని న్యాయస్థానం 1951లో తేల్చిచెప్పి, ఆ శిక్షను రద్దు చేసింది.

చట్టం తెలియకపోవడం సాకు కాదన్నది న్యాయశాస్త్రంలో స్థిరపడిన సూత్రం. దాని మరో పార్శ్వాన్ని ఈ తీర్పు గుర్తుచేసింది. తెలుసుకునే అవకాశం కల్పించకుండా తెలిసి ఉండాలని శాసించే అధికారం రాజ్యానికి లేదు. నేడు చట్టాలను ఎవరూ దాచడం లేదు. చరవాణిలో నాలుగు మాటలు రాస్తే వేల పుటలు ప్రత్యక్షమవుతున్నాయి. అయితే వాటిలో ఏది అమల్లో ఉన్న చట్టం, ఏది రద్దయినది, ఏది తమ రాష్ట్రానికి వర్తించేది అన్నది సామాన్యుడికి తేలడం లేదు. సమస్య స్వరూపం మారింది గానీ సమస్య తీరలేదు.

ఉచితంగా ఏమేమి లభిస్తున్నాయి?

న్యాయ సమాచారం ఒకప్పుడు న్యాయవాదుల బీరువాల్లోని ఖరీదైన సంపుటాలకే పరిమితం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1992లో, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు 1995లో చట్టాలను, తీర్పులను అంతర్జాలంలో ఉచితంగా ఉంచడం ప్రారంభించాయి. ఇటువంటి సంస్థలన్నీ 2002లో మాంట్రియల్‌లో సమావేశమై, బహిరంగ న్యాయ సమాచారం మానవాళి ఉమ్మడి వారసత్వమని ప్రకటించాయి.

భారతదేశంలో ఈ మార్పునకు ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఊపునిచ్చారు. సుశాంత్ సిన్హా 2008లో నెలకొల్పిన ఇండియన్ కానూన్ ద్వారా సుప్రీంకోర్టు, హైకోర్టుల తీర్పులను ఎవరైనా వెతికి చదువుకునే వీలు కలిగింది. సుప్రీంకోర్టు తన అధికారిక తీర్పుల సంపుటాలను ఈ-ఎస్‌సీఆర్ పేరుతో 2023 జనవరి నుంచి ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. కేంద్ర, రాష్ట్ర చట్టాల కోసం ఇండియా కోడ్, ప్రభుత్వ ప్రకటనల కోసం ఈ-గెజెట్, కేసు ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి ఈ-కోర్టుల సేవలు ఉన్నాయి. ప్రతి కేసుకూ 16 అక్షరాంకెలతో కూడిన సీఎన్ఆర్ సంఖ్య ఉంటుంది. అది చేతిలో ఉంటే వాయిదా తేదీ కోసం కక్షిదారు కోర్టు గుమాస్తా చుట్టూ తిరగనవసరం లేదు. ఈ-కోర్టుల పథకం మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 2023 సెప్టెంబరులో 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

కాపీరైట్ చట్టం కూడా ఈ విషయంలో చాలావరకు ఉదారంగానే ఉంది. న్యాయస్థానం నిషేధిస్తే తప్ప, తీర్పులను ఎవరైనా పునర్ముద్రించవచ్చని 52వ సెక్షన్ చెబుతోంది. ప్రచురణకర్తలు తమ నైపుణ్యంతో చేర్చిన సంపాదకీయ అంశాలకే రక్షణ ఉంటుందని, తీర్పు మూలపాఠం ప్రజలదేనని సుప్రీంకోర్టు 2007లో స్పష్టం చేసింది. విచిత్రమేమంటే, శాసనసభ చేసిన చట్టం విషయంలో మాత్రం అదే సెక్షన్ ఒక షరతు పెట్టింది. వ్యాఖ్యానాన్నో, మరేదైనా స్వంత రచననో జోడిస్తేనే చట్టాన్ని పునర్ముద్రించవచ్చు. ప్రజలందరూ పాటించవలసిన పాఠాన్ని ఉన్నదున్నట్లు పంచిపెట్టడానికి ఇటువంటి షరతు ఎందుకన్న ప్రశ్నకు నేటి కాలంలో సమర్థనీయమైన సమాధానం దొరకదు.

చనిపోయిన సెక్షన్ చేసిన చేటు

సమాచారం అందుబాటులో ఉండటం వేరు, అది సరైనదై ఉండటం వేరు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ ఉదంతమే దీనికి నిదర్శనం. ఆన్‌లైన్ వ్యాఖ్యలను నేరంగా పరిగణించిన ఈ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. ఆ తరువాత కూడా పలు రాష్ట్రాల్లో పోలీసులు దాని కింద కేసులు నమోదు చేస్తూనే వచ్చారు. 2021 జులైలో ఈ సంగతి విచారణకు వచ్చినప్పుడు న్యాయమూర్తులు దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. చట్ట ప్రతుల్లో సెక్షన్ యథాతథంగా కనిపిస్తుందని, కొట్టివేసిన విషయం అడుగున పాదసూచికలో మాత్రమే ఉంటుందని అటార్నీ జనరల్ వివరించారు. 66ఏ కింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో న్యాయస్థానం మరోసారి ఆదేశించవలసి వచ్చింది. ఒక చిన్న పాదసూచికను చూడకపోవడం వల్ల పౌరుల స్వేచ్ఛకే భంగం కలిగిందంటే, చట్ట పాఠాన్ని ఏ రూపంలో ప్రజల ముందుంచుతున్నామన్నది ఎంత కీలకమో అర్థమవుతుంది.

భూమి చట్టాల విషయంలో తెలుగు రైతు ఇదే చిక్కును ఎదుర్కొంటున్నాడు. పట్టాదారు పాసు పుస్తకాల చట్టం కోసం వెతికితే 1971 నాటి చట్టం కనిపించవచ్చు. అది ఆంధ్రప్రదేశ్‌కు వర్తిస్తుంది. తెలంగాణలో దాని స్థానంలో 2020లో కొత్త చట్టం వచ్చింది. దానినీ తొలగిస్తూ భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అమల్లోకి వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. రద్దయిన చట్టాల పాఠాలు, వాటిపై రాసిన వివరణలు మాత్రం అంతర్జాలంలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని నమ్మి దరఖాస్తు పెట్టుకున్న రైతుకు కాలయాపన తప్పదు.

నేర చట్టాల సంగతీ అంతే. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. హత్యా నేరానికి శిక్ష విధించే 302వ సెక్షన్ స్థానంలో 103 వచ్చింది. వ్యవహారంలో సామెతగా మారిన 420 స్థానాన్ని 318లోని నాలుగో ఉపసెక్షన్ తీసుకుంది. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అంటే రానున్న చాలా ఏళ్ల పాటు రెండు పాఠాలూ అవసరమే. ఏది ఎప్పటి నుంచి ఎప్పటి వరకు వర్తిస్తుందో ప్రతి పుటపైనా ప్రముఖంగా కనిపించాలి.

తెలుగులో ఎంత?

రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం ఆంగ్లంలో సాగుతుంది. హైకోర్టుల్లో ఇతర భాషలను అనుమతించే వెసులుబాటు ఉన్నా, అది ఉత్తరాదిన కొన్ని హిందీ రాష్ట్రాలకే దక్కింది. తెలంగాణ హైకోర్టు 2023 జూన్‌లో ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించినప్పుడు అది వార్త అయింది. తమ గురించిన తీర్పును తమ భాషలో చదువుకోవడం వార్త కావడమే లోటు ఎంతటిదో చెబుతోంది.

పొరుగు దేశాలను చూస్తే భిన్నమైన చిత్రం కనిపిస్తుంది. బంగ్లాదేశ్ 1987 నుంచి చట్టాలను బెంగాలీలో చేస్తూ, వాటిని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంచుతోంది. నేపాల్ న్యాయ కమిషన్ నేపాలీ పాఠాలను అందిస్తోంది. మన దేశంలోనూ మార్గాలు లేకపోలేదు. రాష్ట్రపతి అధికారంతో గెజెట్‌లో ప్రచురించిన ప్రాంతీయ భాషా అనువాదాన్ని ప్రామాణిక పాఠంగా పరిగణించాలని 1973 నాటి చట్టం చెబుతోంది. ప్రభుత్వ అనువాదం లేనిచోట, అది అధికారికం కాదని ప్రముఖంగా పేర్కొంటూ ఎవరైనా అనువదించి ప్రచురించవచ్చని కాపీరైట్ చట్టం అనుమతిస్తోంది. సమాచారాన్ని ప్రకటించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ నిర్దేశిస్తోంది. సుప్రీంకోర్టు యంత్రానువాద సాధనం సువాస్ సాయంతో తీర్పులను తెలుగు సహా పలు భాషల్లోకి తెస్తోంది. కానీ సామాన్యుడికి నిత్యం అవసరమయ్యేవి సుప్రీంకోర్టు తీర్పులు కావు. రెవెన్యూ నిబంధనలు, జీవోలు, కింది కోర్టు ఉత్తర్వులు. తెలుగు పాఠం అత్యవసరమైనది అక్కడే.

కొత్త సౌలభ్యం, కొత్త ప్రమాదం

ఆంగ్ల పాఠాన్ని చదవలేనివారు ఇప్పుడు కృత్రిమ మేధను ఆశ్రయిస్తున్నారు. అది తడుముకోకుండా సమాధానమిస్తుంది, లేని తీర్పులను సైతం ఉన్నట్లు చూపగలదు. న్యూయార్క్‌లో ఇటువంటి కల్పిత తీర్పులను ఉటంకించిన న్యాయవాదులకు 2023లో 5,000 డాలర్ల జరిమానా పడింది. బెంగళూరులోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వులో ఉనికిలో లేని తీర్పులు చోటుచేసుకోవడంతో దానిని ఉపసంహరించుకుంది. నిపుణులే పొరబడుతున్న చోట కక్షిదారు జాగ్రత్త రెట్టింపు కావాలి. ఏ తీర్పు పేరు కనిపించినా దానిని ఈ-ఎస్‌సీఆర్‌లోనో, సంబంధిత హైకోర్టు వెబ్‌సైట్‌లోనో సరిచూసుకోవాలి. ఏ చట్టాన్ని చదివినా సవరణల తేదీని, పాదసూచికలను గమనించాలి. అంతర్జాలంలో దించుకున్న ప్రతి అవగాహనకు పనికివస్తుంది గానీ, కోర్టులో దాఖలు చేయడానికి ధ్రువీకృత ప్రతిని తీసుకోవాలన్నది మరువరాదు.

బహిరంగతకు మరో హద్దూ ఉంది. నిర్దోషిగా విడుదలైనా తమ పేరు వెతికితే పాత తీర్పే కనిపిస్తోందని, ఉద్యోగావకాశాలు దెబ్బతింటున్నాయని కొందరు న్యాయస్థానాలను ఆశ్రయిస్తున్నారు. అటువంటి ఒక కేసులో తీర్పును తొలగించాలని ఇండియన్ కానూన్‌ను మద్రాసు హైకోర్టు ఆదేశించగా, సుప్రీంకోర్టు 2024 జులైలో నిలుపుదల చేసింది. తీర్పును ప్రజలకు అందుబాటులో ఉంచుతూనే అవసరమైన చోట పేరును మరుగుపరచడం మధ్యేమార్గం కాగలదు.

సమాచారం న్యాయసహాయానికి ప్రత్యామ్నాయం కాదన్నది చివరగా గుర్తుంచుకోవలసిన విషయం. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు, నిర్ణీత పరిమితికి లోపు ఆదాయం గలవారు 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చూపుతారు. చదివిన చట్టం తన కేసుకు ఎలా వర్తిస్తుందో చెప్పగలిగేది అక్కడి మనిషే.

ప్రభుత్వాలు చేయవలసింది అసాధ్యమైనదేమీ కాదు. రద్దయిన సెక్షన్‌ను పాదసూచికలో దాచకుండా పాఠంలోనే కొట్టివేసి చూపాలి. రాష్ట్ర చట్టాలను, నిబంధనలను సవరణ జరిగిన వెంటనే తాజా పరచాలి. తెలుగు పాఠాన్ని ఆంగ్ల పాఠంతో పాటే విడుదల చేయాలి. హర్లాకు జరిమానా పడిన నాడు చట్టం ఎక్కడా కనిపించలేదు. నేడు అది అనేక రూపాల్లో కనిపిస్తోంది. వాటిలో నిజమైనది ఏదో పౌరుడికి తెలియనంత వరకు, 1951 నాటి తీర్పు స్ఫూర్తి పూర్తిగా నెరవేరినట్లు కాదు.