తీరమొకటి, గొంతుకలెన్ని?

నెల్లూరు తీరమున దుర్గరాజపట్నము వద్ద 1626లో ఆంగ్లేయులు వర్తకస్థానమును నెలకొల్పిరి. దానికి దక్షిణమున పులికాటులో అప్పటికే డచ్చివారి కోట కలదు. ఒకరి వ్యాపారమును మరియొకరు చెరుపజూచుచుండిరి. అట్లు కలహించిన ఐరోపా జాతులలో పెక్కు నేడు ఒకే సభలో కూర్చుండుచున్నవి. (బ్రిటను మాత్రము 2020లో వెడలిపోయినది.) ఐరోపా సమాఖ్యలోని 27 దేశముల విదేశాంగ మంత్రులు తరచుగా సమావేశమై, యుద్ధాది సంక్షోభములపై ఉమ్మడి విధానమును నిర్ణయింతురు. పరదేశములతోడి వాణిజ్యమున సమాఖ్యయే అందరి పక్షమున మాటాడును.

దీనితో మనకేమి పని యందురా? మన తీరపు రొయ్యల రైతుల నడుగుడు. 2016లో సమాఖ్య, మన దేశమునుండి వచ్చు పెంపకపు రొయ్యల సరకులలో పరీక్షింపవలసిన వానిని నూటికి 10 నుండి 50కి పెంచెను. నిషిద్ధ ఔషధముల శేషములు బయటపడుటయే అందులకు కారణము. ఏదో యొక గుంటలో వేసిన మందునకు తీరమంతయు జవాబు చెప్పవలసివచ్చెను! 27 దేశములు ఒక్క గొంతుకతో నిబంధనలు విధించుచుండగా, మన రైతులు ఎవరి గట్టున వారు నిలిచి దళారితో బేరమాడుట నాకు సబబుగా తోపదు. పొరుగువాడు గుంటలో ఏ మందు చల్లెనో అడుగు హక్కు ప్రతి రైతునకును ఉండవలెను. అడిగినచో తగవు వచ్చుననుట నిజమే. ఐరోపాలోను ఏకాభిప్రాయము సులభముగా రాదు. విదేశాంగ విషయములలో ఒక్క దేశము కాదన్నను నిర్ణయము ఆగిపోవచ్చును. అయినను వారు మరల మరల కూడుచునే యున్నారు. మన ఊళ్లలో అట్టి కూడిక, గుంటలకు నీరు పెట్టకముందే జరుగవలెను.