ఇంటి ఫోను, ఆఫీసు తాళపుచెవి

క్రిందటి నెల మా సంఘ సభ్యులొకరి యింట కాఫీకి కూర్చుంటిమి. వారి కుమారుడు బెంగుళూరులో ఒక కంపెనీ లెక్కల విభాగములో పని చేయుచున్నాడు. అతని ఫోను సిటీబస్సులో పోయినదట. ఆఫీసు ఉత్తరములు, ఖాతాదారుల పట్టికలు అన్నియు అందులోనే ఉన్నవి. రెండు దినములైనను పైవారికి చెప్పలేదు. తల్లి మెల్లగా మమ్మడిగినది: "చెప్తే ఉద్యోగం పోతుందేమోనండీ?"

అబ్బాయిని పిలిచి అడిగితిమి. అతని భయము ఉద్యోగమును గురించి మాత్రమే కాదు. ఆఫీసువారు దూరము నుండియే ఫోనునంతయు తుడిచివేయుదురనియు, దొరికినను పాప ఫోటోలు మిగలవనియు బెంగ. నిజమునకు ఆండ్రాయిడు ఫోనులో ఆఫీసు పనికి వేరే అర ఏర్పరచుకొను వీలున్నది. దానిని 'వర్క్ ప్రొఫైల్' అందురు. ఆ అరను మాత్రమే తుడిచి, ఇంటి ఫోటోలను ముట్టకుండ విడువవచ్చును. ఈ ముక్క ఉద్యోగమున చేరిన నాడే ఎవరైన చెప్పియుండిన రెండు దినములు వృథా కాకపోవును. "జాగ్రత్త, జాగ్రత్త" అని కాగితముపై సంతకము మాత్రము చేయించుకొనిరట!

పెద్ద కంపెనీలకును ఈ తిప్పలు తప్పలేదు. 2022 సెప్టెంబరులో ఊబరు కంపెనీలోనికి దొంగలు చొరబడిరి. కంట్రాక్టుపై పనిచేయు ఒకరి సొంత పరికరములో దొంగ సాఫ్టువేరు చేరి, దానివలన సంకేతపదము బయటికి పొక్కి యుండునని ఆ కంపెనీయే ప్రకటించినది. ఆపైన "లోనికి వచ్చునది మీరేనా?" అని ఆయన ఫోనుకు మరల మరల ప్రశ్నలు. విసిగి ఒకమారు సరే యన్నారు. మనలో ఎవరము అనకుందుము?

కనుక అధికారులుగా నున్న మన సభ్యులకు ఒక మనవి. ఫోను పోయినదని చెప్ప వచ్చినవానిని ముందు కూర్చోబెట్టుడు; కోపము తరువాత చూచుకొనవచ్చును. ఇంట అమ్మలకు మరొకటి: ఆఫీసు పనులున్న ఫోనును పిల్లల ఆటకీయకుడు. ఏడ్చినను సరే. (మా యింట ఇది ఇంకను సాగుటలేదు.)

ఆ సాయంత్రమే అబ్బాయిచేత ఆఫీసుకు ఫోను చేయించితిమి. సిమ్ము ఆపించి, పోలీసు ఫిర్యాదు నకలుతో ప్రభుత్వపు 'సంచార్ సాథీ' ద్వారా ఆ ఫోను మన దేశపు నెట్‌వర్కులలో పనిచేయకుండ కట్టించినాడు. ఉద్యోగము పోలేదు. పైయధికారి, "మొదటిరోజే చెప్పవలసినది" అని మాత్రము అన్నారట.

ఫోను దొరకలేదు. పాప ఫోటోలు కొన్ని నాయనమ్మ ఫోనులో ఉన్నవి.