మెంటార్ లేని పల్లెకు స్టైపెండ్ రాదు

వేసవి దగ్గరపడితే అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకటే ప్రశ్న: ఇంటర్న్‌షిప్ ఎక్కడ? జేఎన్‌టీయూ ఆర్-20 నియమావళి నుంచి అది తప్పనిసరి. చేద్దామంటే ఊళ్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు దాదాపు లేవు. బెంగళూరు పోతే గది అద్దె, మెస్ బిల్లు. వానల్లేక వేరుశనగ ఎండిన ఏడాది ఆ ఖర్చు ఏ రైతు తట్టుకుంటాడు? అందుకే కొందరు డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. ఇది చూస్తే నాకు కడుపు మండుతుంది.

ఎందుకంటే ఇంట్లో కూర్చునే చేయగల అసలైన పని ఉంది, దానికి డబ్బూ ఇస్తారు. గూగుల్ 2005లో మొదలుపెట్టిన సమ్మర్ ఆఫ్ కోడ్‌లో 350 గంటల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పూర్తిచేస్తే మన దేశంలోని వారికి 3000 డాలర్లు. సమాజంలో వివక్ష ఎదుర్కొన్న వర్గాల వారికోసం నడిచే అవుట్‌రీచీ అనే అలాంటి కార్యక్రమంలో ఏ దేశం వారికైనా 7000 డాలర్లు. ఏ కాలేజీ అని అడగరు. ఇప్పటిదాకా ఏం చేసి పంపావో చూస్తారు.

మన పిల్లలు తట్టుకోలేకపోయేది అక్కడే. ఒకడు తొలి ప్యాచ్, అంటే కోడ్‌లో చేసిన మార్పు, పంపుతాడు. మార్చింది మూడు లైన్లు. కోడ్ ఎడిటర్ దానంతట అదే ఖాళీలన్నీ సర్దేయడంతో నలభై ఫైళ్లు మారినట్టు కనిపిస్తుంది. ప్రాజెక్టు నడిపేవాళ్ల నుంచి ‘విడదీసి పంపు’ అని ఒక్క ముక్క జవాబు. తిట్టారనుకుని పిల్లవాడు మానేస్తాడు. పక్కన సీనియర్ ఒకడుంటే అది తిట్టు కాదనీ, రోజూ జరిగేదేననీ చెప్పి, పావుగంటలో సరిచేయించేవాడు. మెంటార్ పనంటే చాలావరకు ఇదే.

శ్రీలంకలోని మొరటువ విశ్వవిద్యాలయం సమ్మర్ ఆఫ్ కోడ్ తొలి పదేళ్లలో పాల్గొన్న విద్యార్థుల సంఖ్యలో ప్రపంచంలోనే మొదటిది. ఆ పదేళ్లలో కొన్నేళ్లు ఆ దేశం అంతర్యుద్ధంలో ఉంది. అయినా అక్కడ ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే లంకా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2003లోనే పుట్టింది. అపాచీ వంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో రాటుదేలిన స్థానికులు తయారయ్యారు. దారి తెలిసిన వాళ్లు ఊళ్లోనే ఉండటం కంటే పెద్ద బలం మరొకటి లేదని నా నమ్మకం.

మనకూ ఆ వనరు ఉంది. 1946లో మొదలైన అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థులు బెంగళూరు నిండా ఉన్నారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా కాలేజీల్లో గ్లగ్‌లు, అంటే గ్నూ/లినక్స్ వాడకందారుల బృందాలు, నడుపుతోంది. కావలసింది ముందుచూపు. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పాల్గొనే సంస్థల పేర్లు ఫిబ్రవరిలో వస్తాయి, దరఖాస్తులు ఆ తర్వాత కొద్ది వారాలకే. మార్చిలో మేల్కొన్నవాడికి చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. ఆగస్టులోనే చేయిపట్టి మొదలుపెట్టించాలి. ఎంపికైతే సరే, కాకపోయినా ఆమోదం పొందిన ప్యాచ్‌లను ఇంటర్న్‌షిప్ క్రెడిట్లుగా జేఎన్‌టీయూ లెక్కించాలి. కొన్న సర్టిఫికెట్ కంటే అవి వెయ్యి రెట్లు నమ్మదగ్గవి. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

బెంగళూరులో ఉన్న అనంతపురం ఇంజినీర్లకు ఒక్క మాట. చందాలు వద్దు, సన్మానాలు వద్దు. మీరు చదివిన కాలేజీలో రెండో ఏడాది పిల్లల్లో ఒక్కరిని ఎంచుకుని, వారానికి ఒక గంట వాళ్ల కోడ్ చదవండి.