నల్లగా ఉన్నా కళ ఉంది

దసరాకి రాయపూర్ వెళ్ళినప్పుడు డబ్ల్యూఆర్ఎస్ మైదానంలో రావణుడి బొమ్మ ముందు మా మేనకోడల్ని నిలబెట్టి ఫొటో తీశాను. పదహారేళ్ళ పిల్ల. ఫోన్ లాక్కుని చూసుకుని, "అత్తా, ఇది ఎవరికీ పంపకు. ఫిల్టర్ వేసి ఇస్తా" అంది. కాసేపటికి తిరిగిచ్చిన ఫొటోలో ముక్కు సన్నబడింది, బుగ్గలు లోపలికి పోయాయి, రంగు రెండు ఛాయలు తేలింది. మా నాన్న పోలిక ఒక్కటీ మిగల్లేదు.

ఆ మైదానం ఉన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు కార్మికుల కోసం కట్టింది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా రైలు దారి 1931లో పూర్తయ్యాక మా ఉత్తరాంధ్ర వాళ్ళకి అటు పోవడం సులువైంది. మా నాన్న కూడా శ్రీకాకుళం జిల్లా నుంచి ఆ దారినే వెళ్ళి క్వార్టర్‌లో స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సందులో ఛత్తీస్‌గఢీ. బడిలో మా రంగుకీ భాషకీ కలిపి ఒకటే పేరుండేది: మద్రాసీ. సాయంత్రం టీవీ పెడితే నల్లగా ఉన్న అమ్మాయి క్రీము రాసుకుని తెల్లబడేది, వెంటనే ఉద్యోగమో పెళ్ళి సంబంధమో వచ్చేది. 1975లో బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ మా క్వార్టర్లలో చాలా ఇళ్ళ గూట్లో ఉండేది. మా గూట్లోనూ ఉండేది.

అందుకే, పిల్లల్ని పాడుచేసింది ప్రకటనలూ సినిమాలూ ఫోనే అని ఎవరైనా అంటే తల ఊపాలనిపిస్తుంది. కానీ ఊపే ముందు మా ఇల్లు గుర్తొస్తుంది. టీవీ పుట్టకముందే కడుపుతో ఉన్న కోడలికి పాలల్లో కుంకుమపువ్వు కలిపిచ్చేవారు, బిడ్డ ఎర్రగా పుట్టాలని. సున్నిపిండితో నలిచేటప్పుడు నలుపు విరుగుతుందనేవారు. పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడంటే ఎర్రగా బుర్రగా ఉన్నాడనేవారు. నల్లపిల్లని మెచ్చుకోవాలన్నా, "నల్లగా ఉన్నా కళ ఉంది" అనేవారు. కళ ఎంత మంచి మాటో, ముందున్న ఆ "ఉన్నా" అంత గుచ్చుకునేది. నీలమేఘశ్యాముణ్ణి రోజూ కొలిచే ఇళ్ళలోనే ఈ మాటలు పుట్టాయి. మీడియా మన ముఖాన్ని మనకే చూపిస్తోందనే వాళ్ళ వాదన గట్టిదే.

అయితే రంగు విషయంలో గట్టిగా నిలిచే ఆ వాదన లావు దగ్గరికొచ్చేసరికి సడలిపోతుంది. నా చిన్నప్పుడు సెలవులకి ఊరెళితే "చిక్కిపోయావేంటే" అని బాధపడేవారు. "కాస్త ఒళ్ళు చేశావు" అంటే సంతోషం. నిండుగా ఉన్న సావిత్రిని తెలుగువాళ్ళు మహానటిగా గుండెల్లో పెట్టుకున్నారు. ఇప్పుడు "చిక్కావే" అన్నది మెచ్చుకోలు. ఈ మార్పు మన ముత్తవ్వల నుంచి వచ్చింది కాదు.

ఫిజీలో ఇలాంటిదే జరిగింది. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి మన తెలుగు కూలీలు వెళ్ళిన దీవులే అవి. అక్కడి ఫిజీ జాతివాళ్ళలో బొద్దుగా ఉండటమే గౌరవం. నాద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ అప్పుడూ, మూడేళ్ళ తర్వాతా బడి అమ్మాయిలని అడిగి చూసింది. తిండి విషయంలో ప్రమాద లక్షణాలు కనబడినవాళ్ళు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. సన్నబడటానికి కావాలని వాంతి చేసుకునేవాళ్ళు మొదట ఒక్కరూ లేరు, 1998 నాటికి 11.3 శాతం. తూకం సరిగ్గా ఉండాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. రెండుసార్లూ అడిగింది ఒకే పిల్లల్ని కాదు, ఒక్కో విడతకి అరవై పైచిలుకు మందినే. ఆ మూడేళ్ళలో అక్కడ మారింది టీవీ ఒక్కటే అని కూడా అనలేం.

దీనికి ఎదురుగా 2019లో పరిశోధకులు ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్స్కీ మూడున్నర లక్షల మందికి పైగా కౌమార వయసు పిల్లల లెక్కలు తీశారు. వాళ్ళ మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో ఫోన్లూ తెరల వాడకంతో ముడిపడినది 0.4 శాతానికి మించదని తేల్చారు. భయపడే తల్లిదండ్రులకి ఈ అంకె ఊరట. నాకు మాత్రం ఇది సగటు అన్న సంగతి పట్టుకుంటుంది. కాలనీలో పదిమంది పిల్లలు అదే రీల్ చూసి నవ్వుకుని పడుకుంటారు, పదకొండో పిల్ల రాత్రి అన్నం మానేస్తుంది. సగటులో ఆ పిల్ల కనబడదు. 2021లో బయటపడ్డ ఫేస్‌బుక్ లోపలి పత్రాల్లో ఉన్నది ఆమె గురించే: తమ ఒంటి గురించి అప్పటికే బాధపడుతున్న అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధని పెంచిందన్నారు. అడిగింది కొద్దిమందినేననీ, ఒంటరితనం లాంటి వాటిలో తమ యాప్ మేలు చేస్తోందని చెప్పినవాళ్ళే ఎక్కువనీ కంపెనీ జవాబిచ్చింది. ఆ జవాబునీ కొట్టిపారేయను. కానీ "అప్పటికే" అన్న మాట దగ్గర నా తూకం ఒక పక్కకి మొగ్గుతుంది. పుండు ఇంట్లోనో బడిలోనో పడుతుంది. దాన్ని మాననివ్వనిది తెర.

అదే తెర మందు కూడా రాసింది, కాదనను. 2017లో 'ఫిదా'లో సాయిపల్లవి పెద్దగా మేకప్ లేకుండా కనిపించినప్పుడు మొటిమలున్న ఆడపిల్లలు తల ఎత్తుకుని తిరిగారు. తర్వాత ఆమె తెల్లబరిచే క్రీము ప్రకటన వద్దంది. రంగు వివక్ష మీద వచ్చిన 'కలర్ ఫొటో' (2020) ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. నల్లగా ఉన్నవాళ్ళని దిగులుగా, పనికిరానివాళ్ళుగా చూపకూడదని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2014లోనే నియమం పెట్టింది. 2020లో ఆ పాత క్రీము పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. డబ్బా మాత్రం గూట్లోంచి కదల్లేదు.

మగపిల్లలనీ వదలకూడదు. 2007లో 'దేశముదురు'లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూపాక జిమ్ముల వైపు నడిచిన కుర్రాళ్ళు ఎందరో. కసరత్తు మంచిదే, మా అన్న కొడుకు దానివల్ల బాగుపడ్డాడు కూడా. నాకు నిజంగా భయం వేసేది తెల్లబడాలన్న ఆత్రం మందుల దుకాణం గడప తొక్కినప్పుడు. చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీము తెచ్చి నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి ఎండ సోకితే మండుతుంది. మానేస్తే ఇంకా ఎర్రబడి పొక్కుతుంది, భయపడి మళ్ళీ రాస్తారు. 2023లో కేరళ మలప్పురంలో ఊరూపేరూ లేని తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళకి మూత్రపిండాల జబ్బు వచ్చిందని వైద్యులు బయటపెట్టారు. ఇక్కడ రెండు పక్షాలు లేవు.

ఆ రాత్రి వదిన చపాతీలు వడ్డిస్తుంటే మేనకోడలు ఒకటి తిని లేచింది. డాబా మీదికి తీసుకెళ్ళి, "నీ ముక్కు బాలేదని నీకు మొదట ఎవరు చెప్పారే?" అని అడిగాను. ఫోనే అంటుందనుకున్నాను.

"నువ్వే అత్తా. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు. తాతయ్య ముక్కు వచ్చేసింది పాపం అన్నావు."

నాకు గుర్తు లేదు. అని ఉంటాను. క్షమించమని అడిగాను.

"నువ్వు ఒక్కసారే అన్నావులే," అంటూ ఫోన్ చూపించింది. "ఇది రోజూ అంటుంది."

మైదానంలో తీసిన అసలు ఫొటో నా దగ్గరే ఉంది. నానమ్మకి పంపనా అని అడిగాను. కాసేపు ఆలోచించి, నానమ్మకైతే పంపు అంది.